సూదిపోట్లు: ఆసుపత్రి సిబ్బందికి పొంచి ఉన్న ప్రమాదం

1998 జూలై నెలలో బోస్టన్ నగరంలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో కారెన్ డేలీ అనే నర్సు ఒక రోగి నుంచి రక్తం తీశారు. రెండు దశాబ్దాలకు పైబడిన అనుభవం ఆమెది. చేతికి తొడుగు ఉన్నది. పని ముగిసిన వెంటనే, నియమం ప్రకారం, వాడిన సూదిని అందుకోసం ఉంచిన డబ్బాలో వేయబోయారు. అంతకు ముందెవరో వేసిన మరొక సూది ఆ డబ్బాలోనుంచి పైకి పొడుచుకొని వచ్చి ఉన్నది. అది ఆమె వేలిలో దిగింది. ఆ సూది ఏ రోగికి వాడినదో తెలుసుకొనే మార్గం లేదు. కొన్ని నెలల తరువాత చేసిన పరీక్షలలో ఆమెకు హెచ్.ఐ.వి., హెపటైటిస్-సి రెండూ సోకినట్లు తేలింది. రోగుల పక్కన నిలబడి చేసే నర్సు పనికి ఆమె శాశ్వతంగా దూరమయ్యారు.

ఆమె చేసిన తప్పేమిటని వెతికితే ఏమీ కనబడదు. తప్పు సూదిలో ఉన్నది, డబ్బాలో ఉన్నది. వాడిన తరువాత కూడ మొన బయటికే ఉండే సూదిని, ఆ మొనను లోపల దాచలేని డబ్బాను ఒకచోట చేర్చి, మనిషి చేతిని ఆ రెండింటి మధ్యకు పంపితే ఎంతటి అనుభవజ్ఞులకైనా ఏదో ఒకనాడు అదే జరుగుతుంది. అయినా సూదిపోటు అనగానే "అజాగ్రత్త" అన్న మాటే ముందుగా వినబడుతుంది. గత నలభై సంవత్సరాల పరిశోధన ఈ మాట చాలవరకు అన్యాయమని చూపింది.

సమస్య ఎంత పెద్దదో మొదట చూడవలసి ఉన్నది. 1990ల చివరి లెక్కల ఆధారంగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సి.డి.సి. వేసిన అంచనా ప్రకారం ఆ దేశపు ఆసుపత్రులలో సంవత్సరానికి సుమారు 3,85,000 సూదిపోట్లు, ఇతర పదునైన పరికరాల గాయాలు జరిగేవి. అంటే రోజుకు వెయ్యికి పైగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరానికి కట్టిన లెక్క ప్రకారం ప్రపంచంలోని మూడున్నర కోట్ల ఆరోగ్య సిబ్బందిలో దాదాపు 30 లక్షల మందికి ఆ ఒక్క సంవత్సరంలో ఇటువంటి గాయాల ద్వారా రోగుల రక్తం తగిలింది. గాయపడేవారిలో నర్సులు ఎక్కువ. సర్జన్లు, శిక్షణలోని వైద్యులు, ప్రయోగశాలలలో రక్తం పరీక్షించేవారు తరువాత వస్తారు. జీవితంలో ఎన్నడూ సూది వేయని వారు కూడ ఈ జాబితాలో ఉన్నారు. నేల తుడిచేవారు, చెత్తసంచులు మోసేవారు, దుప్పట్లు ఉతికేవారు ఇతరులు వదలిన సూదులకు బలి అవుతుంటారు.

విదేశాలలోని తెలుగు కుటుంబాలకు ఇది పరాయి విషయం కాదు. అమెరికాలోను, బ్రిటన్‌లోను, గల్ఫ్ దేశాలలోను వైద్యులుగా, నర్సులుగా, ప్రయోగశాల నిపుణులుగా పనిచేసేవారు ఒక్కరైనా లేని తెలుగు బంధువర్గం అరుదు. మెడికల్ కాలేజీలలో చేరుతున్న పిల్లలను కూడ లెక్కలోకి తీసుకొంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఒక మైక్రోలీటరు రక్తంలో

సూదిపోటుతో సోకగల వ్యాధికారకాలు ఇరవైకి పైగా ఉన్నా ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. ఈ మూడింటికీ ఉన్న తేడాను చిన్న లెక్కతో గ్రహించవచ్చు. బోలుగా ఉండే సూది గుచ్చుకొన్నపుడు శరీరంలోకి చేరే రక్తం రమారమి ఒక మైక్రోలీటరు, అనగా మిల్లీలీటరులో వెయ్యవ వంతు. టీ చెంచాలో పట్టే ద్రవాన్ని అయిదువేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. కంటికి ఆనీ ఆనని చుక్క.

హెపటైటిస్-బి తీవ్రంగా ఉన్న రోగి రక్తంలో మిల్లీలీటరుకు పది కోట్ల వైరస్ కణాలు, ఒక్కొక్కపుడు అంతకు మించి, ఉండవచ్చు. కనుక ఆ కంటికానని చుక్కలో లక్ష కణాలుంటాయి. హెపటైటిస్-సి రోగిలో మిల్లీలీటరుకు పది లక్షలు ఉన్నాయనుకొంటే చుక్కలో వెయ్యి. మందులు వాడని హెచ్.ఐ.వి. రోగిలో మిల్లీలీటరుకు కొన్ని పదివేలు ఉంటే చుక్కలో కొన్ని పదులు మాత్రమే. చికిత్స సక్రమంగా సాగుతున్న రోగిలో ఆ పదులు కూడ ఉండవు.

అనుభవంలో తేలిన ప్రమాదాలు కూడ దాదాపు ఈ వరుసలోనే ఉన్నాయి. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి రోగి రక్తమున్న సూది గుచ్చుకొంటే వ్యాధి సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 వరకు ఉంటుంది. హెపటైటిస్-సి విషయంలో ఇది నూటికి 1.8 అని చాలా కాలం చెప్పేవారు. ఇటీవలి పరిశీలనలను బట్టి సి.డి.సి. దానిని 0.2కు తగ్గించింది. హెచ్.ఐ.వి. విషయంలో నూటికి 0.3, అనగా వెయ్యికి మూడు. కణాల సంఖ్య ఒక్కటే అంతా నిర్ణయించదనుకోండి. హెపటైటిస్-బి వైరస్ మొండిది. ఎండిన రక్తపు మరకలో మామూలు ఉష్ణోగ్రతలో కనీసం ఏడు రోజులపాటు సోకే శక్తిని నిలుపుకొంటుంది. హెచ్.ఐ.వి. ఆరిపోతే త్వరగా క్షీణిస్తుంది.

ప్రజలు ఎక్కువగా భయపడేది మూడవదానికి. ఎక్కువగా సోకేది మొదటిది. అమెరికాలో 1985 నుంచి 2013 వరకు పనిలో హెచ్.ఐ.వి. సోకినట్లు నిర్ధారణ అయిన ఆరోగ్య సిబ్బంది 58 మంది. 1999 తరువాత వారిలో ఒక్కరే ఉన్నారు. అతడు 2008లో సజీవ వైరస్‌తో పనిచేస్తుండగా సూది గుచ్చుకొన్న ప్రయోగశాల ఉద్యోగి.

ఏ పోటు ఎక్కువ ప్రమాదకరం అన్న ప్రశ్నకు 1997లో ప్రచురితమైన ఒక పరిశోధన సమాధానమిచ్చింది. అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్, ఇటలీ దేశాలనుంచి హెచ్.ఐ.వి. సోకిన 33 మంది సిబ్బందిని, అటువంటి సూదే గుచ్చుకొని కూడ వ్యాధి సోకని 665 మందిని పోల్చి చూశారు. గాయం లోతుగా ఉంటే ప్రమాదం సుమారు 15 రెట్లు పెరిగింది. పరికరంపై రక్తం కంటికి కనిపిస్తే 6 రెట్లు, రోగి మరణానికి చేరువైన దశలో ఉంటే దాదాపు అంతే, సూది నేరుగా రక్తనాళంలో ఉంచినదైతే 4 రెట్లు. గాయమైన వెంటనే జిడోవుడిన్ అనే మందు వాడినవారిలో ప్రమాదం నూటికి 81 వంతులు తగ్గింది.

రక్తనాళంలో ఉంచే సూదులు బోలుగా, కాస్త లావుగా ఉంటాయి. సూది గేజి సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. బోలు సూది గొట్టంలో మిగిలిన రక్తాన్ని తొడుగు తుడవలేదు. కుట్లు వేసే సూది గట్టి కడ్డీ వంటిది. దాని రక్తమంతా పైపైన ఉంటుంది గనుక రబ్బరు తొడుగులోంచి దూరేటప్పుడు సగానికి పైగా తుడుచుకొనిపోతుంది. తొడుగు సూదిని ఆపదు. అందుచేత తొడుగు వేసుకొని ప్రయోజనమేమిటని కొందరంటారు. చుక్కను సగం చేయడం కూడ ప్రయోజనమే.

సంఖ్య వేరు, రేటు వేరు

వర్జీనియా విశ్వవిద్యాలయంలోని జానిన్ జాగర్ గాయాల మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞురాలు. అంతకు ముందు మోటారు ప్రమాదాలలో కలిగే గాయాలను పరిశీలించినవారు. మోటారు భద్రతారంగంలో అప్పటికే ఒక విషయం స్థిరపడింది. డ్రైవరుకు నీతులు చెప్పడం వలన తగ్గే మరణాలకంటే కారులో పట్టీ, గాలిసంచి అమర్చడం వలన తగ్గే మరణాలు ఎక్కువ. ఆ దృష్టితోనే ఆమె ఆసుపత్రిలోని సూదులను చూశారు.

1988లో వెలువడిన ఆమె పరిశోధనలో ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన 326 సూదిపోట్లను పరిశీలించారు. వాటిలో నూటికి 35 మామూలు డిస్పోజబుల్ సిరంజీల వలన కలిగినవి. ఈ సంఖ్యను మాత్రమే చూస్తే సిరంజీయే ముద్దాయి. అయితే ఆమె మరొక ప్రశ్న వేశారు: ఆ ఆసుపత్రి ఏ పరికరాన్ని ఎన్ని కొన్నది? కొన్న ప్రతి లక్ష సిరంజీలకు పోట్లు 6.9 మాత్రమే. సెలైన్ గొట్టాలను ఒకదానితో ఒకటి కలపడానికి వాడే సూదుల విషయంలో లక్షకు 36.7, అయిదు రెట్లకు మించి! సిరంజీల పోట్లు ఎక్కువగా కనిపించినది అవి లెక్కకు మిక్కిలిగా వాడుకలో ఉన్నందువలననే. బస్సు ప్రమాదాలు ఒక ఊరిలో ఎక్కువ అని తెలిసినపుడు ఆ ఊరిలో ఎన్ని బస్సులు తిరుగుతున్నాయో అడగకుండా తీర్పు చెప్పడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఇక్కడే అసలు విషయం బయటపడింది. సెలైన్ గొట్టాన్ని మరొక గొట్టంతో కలపడానికి చర్మాన్ని గుచ్చవలసిన పని లేదు. ఆ సూది పొడిచేది రబ్బరు మూతను. సూది అవసరమే లేని చోట సూదిని పెట్టి, దానివలన మనుషులు గాయపడుతుంటే జాగ్రత్తగా ఉండండని హెచ్చరిక పత్రాలు గోడలకు అంటిస్తూ వచ్చారు. తరువాతి కాలంలో సూదిలేని కలుపుళ్ళు వచ్చాయి. గొట్టాన్ని తిప్పి బిగిస్తే చాలు. ఆ రకపు పోట్లకు ఆస్కారమే లేకుండా పోయింది.

అదే పరిశోధనలో మూడింట ఒక వంతు పోట్లు వాడిన సూదికి తిరిగి మూత పెట్టడానికి సంబంధించినవని తేలింది. మూత పెట్టవద్దన్న నియమం అప్పటికే ఉన్నది. మరి ఎందుకు పెట్టారని అడిగితే వచ్చిన సమాధానాలు ఆలోచింపజేసేవి. నాలుగయిదు వస్తువులు చేతిలో ఉన్నాయి, డబ్బా దూరంగా ఉన్నది, మూతలేని సూదులను రోగుల మధ్యగా మోసుకొనిపోవడం ఇంకా ప్రమాదమనిపించింది. కొన్ని పరికరాలనైతే మూత లేకుండా విడదీయడమే అపాయం. వారు ఒక ప్రమాదాన్ని తప్పించడానికి మరొకదానిని ఎంచుకొన్నారు. డబ్బాను మంచం పక్కకు తేవడం నర్సు చేతిలో లేదు. ఆసుపత్రి యాజమాన్యం చేతిలో ఉన్నది.

అలసట, తొందర, మౌనం

పరికరాల తరువాత చెప్పవలసినది పని పరిస్థితుల గురించి. అమెరికాలో మొదటి సంవత్సరపు శిక్షణలో ఉన్న 2,737 మంది వైద్యులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలలో రాత్రివేళ పోట్లు పగటికంటే రెట్టింపు ఉన్నాయి. రాత్రంతా మేలుకొని మరునాడు పగలు కూడ పని కొనసాగించినవారికి అవి మరింత ఎక్కువగా జరిగాయి. నర్సుల మీద 2002లో వచ్చిన పరిశోధన ప్రకారం సిబ్బంది కొరత, నిర్వహణ లోపం ఉన్న వార్డులలో పోట్ల అవకాశం దాదాపు రెట్టింపు. ఒకే నర్సు ఒక వార్డులో ఒక రకంగా, మరొక వార్డులో మరొక రకంగా గాయపడుతుంటే కారణాన్ని ఆమె స్వభావంలో వెతకడం సబబు కాదు.

అన్నిటికంటె కలవరపెట్టే ఫలితాలు 2007లో వచ్చాయి. 17 వైద్యకేంద్రాలలో శస్త్రచికిత్స శిక్షణలో ఉన్న 699 మందిని ప్రశ్నించగా చివరి సంవత్సరానికి వచ్చేసరికి నూటికి 99 మంది ఒక్కసారైనా పోటుకు గురైనవారే. ఇటీవలి పోటు గురించి అడిగితే సగానికి పైగా పోట్లను వారు ఎవరికీ తెలియజేయలేదు. ప్రధానంగా చెప్పిన కారణం, సమయం లేకపోవడం. "ఈ కాస్త సూదికి ఇంత హడావుడి ఎందుకు" అన్న చిన్నతనం, పైవారు ఏమనుకొంటారోనన్న జంకు కూడ దానికి తోడవుతాయి. వీసాపై పనిచేసే యువవైద్యునికి ఆ జంకు రెట్టింపు కావచ్చు.

ఆ మౌనానికి చెల్లించే మూల్యం గంటలలో కొలవదగినది. హెచ్.ఐ.వి. నివారణ మందులు గాయమైన కొద్ది గంటలలోనే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. టీకా లేనివారికి హెపటైటిస్-బి ప్రతిరక్షక సూదిమందు, టీకాతో పాటు, వీలైతే 24 గంటలలోపు ఇస్తారు. హెపటైటిస్-సికి టీకా లేదు, నివారణ మందూ లేదు. రక్తపరీక్షలతో గమనిస్తూ ఉండి, సోకినట్లు తేలితే చికిత్స చేస్తారు. మొదటి రోజు పరీక్ష లేకపోతే ఆ వ్యాధి పనిలో వచ్చినదని తరువాత నిరూపించడం కూడ కష్టం.

గాయమైన క్షణంలో చేయవలసినది సులువు. సబ్బుతో, నీటితో బాగా కడగాలి. వేలిని పిండి రక్తం కార్చడం వలన మేలు కలుగుతుందని రుజువు కాలేదు. బ్లీచింగ్ ద్రావణం పోయడం మాత్రం చేయకూడని పని. ప్రయోగశాల బల్ల మీద వైరస్‌ను చంపే ఆ రసాయనం గాయంలోని సజీవ కణజాలాన్ని కూడ అంతే నిష్పక్షపాతంగా కాలుస్తుంది. కడిగిన తరువాత వెంటనే పైఅధికారికి చెప్పాలి. అమెరికాలో ఓషా అనే కార్మిక భద్రతా సంస్థ 1991లో చేసిన నిబంధన ప్రకారం హెపటైటిస్-బి టీకాను, పోటు తరువాతి పరీక్షలను యజమాని ఉచితంగా సమకూర్చాలి, వివరాలను గోప్యంగా ఉంచాలి. అడిగి తీసుకోవలసిన హక్కు అది.

హైదరాబాదు చేసిన మేలు

హెపటైటిస్-బికి టీకా 1980ల ఆరంభంలో వచ్చింది. అమెరికా ఆరోగ్య సిబ్బందిలో ఆ వ్యాధి 1983, 1995 సంవత్సరాల మధ్య నూటికి 95 వంతులు తగ్గింది. భారతదేశంలో మాత్రం టీకా చాలా కాలం దిగుమతి సరుకు. నర్సింగు విద్యార్థినికి, చిన్న ఊరి లాబు టెక్నీషియనుకు అందని ధర. హైదరాబాదులో కె.ఐ. వరప్రసాదరెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈ టీకాను జన్యు పునస్సంయోజన పద్ధతిలో దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. ఆ పద్ధతిలో భారతదేశంలో తయారైన మొదటి టీకా అదే. తరువాత ఇతర సంస్థలూ పోటీకి వచ్చి ధరలు బాగా పడిపోయాయి. హెపటైటిస్-సిని నయంచేసే సోఫోస్‌బువిర్ 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందగా, 2015 నాటికి హైదరాబాదు కంపెనీలు దానిని చవకగా తయారుచేయసాగాయి. మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయం చేసే ఇటువంటి మందులు కారెన్ డేలీ గాయపడిన నాటికి లేవు.

టీకా వేయించుకొన్నామని ఊరుకోవడం కూడ సరికాదు. చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తంలో ప్రతిరక్షకాల స్థాయిని పరీక్షించుకోవాలి. కొద్దిమందిలో టీకా పట్టదు. ఆ సంగతి పోటు పడిన రాత్రి తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకోవడం మేలు.

డేలీ తన అనుభవాన్ని అమెరికా చట్టసభల ముందు వివరించారు. సూదిపోట్ల నివారణ చట్టంపై అధ్యక్షుడు క్లింటన్ 2000 నవంబరు 6న సంతకం చేశారు. వాడగానే మొన లోపలికి పోయే, లేదా కవచం పడే సూదులను పరిశీలించి ఎంచుకోవాలని, ఆ ఎంపికలో వాటిని వాడే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని ఆ చట్టం యజమానులను ఆదేశించింది. 2001లో అమెరికా ఆసుపత్రులలో పోట్లు నూటికి 38 వంతులు తగ్గినట్లు జాగర్ బృందం లెక్కలు చూపాయి. నర్సులు ఆ ఒక్క సంవత్సరంలో హఠాత్తుగా జాగ్రత్తపరులు కాలేదు కదా! ఆపరేషన్ గదులలో మాత్రం తగ్గుదల కనిపించలేదు సరికదా, కొంత పెరుగుదల కనిపించింది. మొన మొండిగా ఉండే కుట్టుసూదులు, కత్తిని చేతినుంచి చేతికి ఇవ్వకుండా మధ్యలో పళ్ళెంలో ఉంచే పద్ధతి అందుబాటులో ఉన్నా సర్జన్లు వాటిని అంతగా ఆదరించలేదు. బ్రిటన్‌లో ఇటువంటి నిబంధనలు 2013లో అమలులోకి వచ్చాయి. భారతదేశంలో ఆసుపత్రి వ్యర్థాల నియమాలు 1998లో వచ్చి 2016లో కొత్త రూపు దిద్దుకొన్నాయి. పదునైన వస్తువులను సూది దూరని తెల్లని డబ్బాలో వేయాలని అవి నిర్దేశించాయి. సూది సంఖ్యనే తగ్గించడం మరొక మార్గం. మాత్రతో తగ్గే జ్వరానికి కూడ "సూదిమందు" వేస్తేనే వైద్యమన్న నమ్మకం తెలుగునాట ఇంకా పూర్తిగా పోలేదు. వేయని సూది ఎవరికీ గుచ్చుకోదు.

ఇంటి సూదులు

సూదులు ఇపుడు ఆసుపత్రి దాటి ఇళ్ళలోకి వచ్చాయి. ఇన్సులిన్ పెన్నులు, చక్కెర పరీక్షకు వేలు పొడుచుకొనే సన్నని సూదులు లేని తెలుగు ఇల్లు విదేశాలలోనూ తక్కువే. ఎవరి సూది వారికి గుచ్చుకొంటే వ్యాధి భయం లేదు. తల్లిదండ్రులకు ఇన్సులిన్ వేసే కొడుకుకో, కోడలికో గుచ్చుకొంటే సంగతి వేరు. ఇతరులకు వేసేవారి కోసం రెండు వైపులా కవచమున్న పెన్ సూదులు దొరుకుతాయి. అవి లేనపుడు మూతను బల్ల మీద ఉంచి, ఒంటిచేత్తో సూదిని అందులోకి జొనపాలి. రెండవ చేయి దగ్గరకు పోకూడదు.

వాడిన సూదులను ప్రత్యేకమైన డబ్బాలోగాని, అది లేకపోతే బట్టల సబ్బు ద్రావణం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోగాని వేసి మూత బిగించాలి. పాల డబ్బాలు, నీళ్ళ సీసాలు పనికిరావు. సూది వాటిని సులువుగా చీల్చుకొని వస్తుంది. ముప్పాతిక వంతు నిండగానే డబ్బా మార్చాలి. ఆ డబ్బాను రీసైక్లింగు బుట్టలో వేయరాదు. అక్కడ చేతులతో చెత్త వేరుచేసే కార్మికులుంటారు. డబ్బాను ఎక్కడ ఇవ్వాలన్నది అమెరికాలో రాష్ట్రానికొక విధంగా ఉన్నది. కాలిఫోర్నియాలో ఇంటి సూదులను మామూలు చెత్తలో వేయడాన్ని 2008 సెప్టెంబరు 1 నుంచి నిషేధించారు. భారతదేశపు 2016 ఘనవ్యర్థాల నియమాలు కూడ ఇళ్ళలో వాడిన సూదులను, సిరంజీలను ప్రమాదకర గృహవ్యర్థాలలో చేర్చాయి. సెలవులలో విజయవాడకో, వరంగల్లుకో వెళ్ళినవారు పెద్దవారి ఇన్సులిన్ సూదులు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి చూసి, వంటింట్లో మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి అమర్చి రావచ్చు. తెల్లవారుజామున ఆ వీధి చెత్తను ఎత్తే మనిషి చేతికి చాలాచోట్ల తొడుగు కూడ ఉండదు.